లోపలే చెప్పమన్నారు, లోపల ఎవరూ వినలేదు: వృత్తి సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

వైద్యుల, ఇంజనీర్ల, కెమిస్టుల, ఆడిటర్ల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

నేను తాగునీటి పరీక్షలు చేసే కెమిస్ట్‌ని. మీ సంఘాల్లో ఒకదానిలో పాత సభ్యుడిని. నాతో పనిచేసే ఒక సహోద్యోగి, నీటి నమూనాలు పట్టే పద్ధతిలో లోపం ఉందని పైవాళ్లకు రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. ఫైలు కదల్లేదు. చివరికి విలేకరులతో మాట్లాడాడు. వారం తిరక్కుండా బదిలీ ఉత్తర్వు, దాని వెనకే షోకాజ్ నోటీసు వచ్చాయి. అతను చెప్పింది తప్పో ఒప్పో సంఘం తేల్చాలని, తేలేదాకా అతనికి అండగా ఉండాలని కొందరం సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చాం. దానికీ జవాబు లేదు. గుర్తుచేస్తూ ఇంకో లేఖ రాస్తే, సభ్యులందరికీ ఒక సర్క్యులర్ వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా పనిచేసే సంస్థ వ్యవహారాలు బయట మాట్లాడితే వృత్తి గౌరవానికి భంగం కలిగించినట్టు భావిస్తామని, సభ్యత్వం రద్దు దాకా వెళ్లవచ్చని అందులో ఉంది.

ఇది ఒక్క సంఘం తీరే అయితే ఆ సంఘానికే రాసి ఊరుకునేవాడిని. వేరే వృత్తుల్లో ఉన్న మిత్రులు కూడా తమ సంఘాలు ఇదే మాట అంటున్నాయని చెప్తున్నారు. "ఏదున్నా లోపల చెప్పుకోండి, బయట పెట్టకండి." అందుకే మీ అందరికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ సహోద్యోగి అసలు ఏం చెప్పాడో ముందు వివరిస్తాను. పాత పైపుల్లో సీసం ఉంటుంది. రాత్రంతా నీళ్లు కదలకుండా నిలిచినప్పుడు ఆ సీసం నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి కనీసం ఆరు గంటలు కుళాయి కట్టేసి ఉంచి, తెల్లారి తిప్పగానే వచ్చే మొదటి లీటరు పట్టాలి. ఇంట్లో వాళ్లు తాగేది ఆ నీళ్లే. అయితే నమూనా పట్టేవాళ్లకు ఇచ్చే సూచనల కాగితంలో ఒక వాక్యం ఉంది: ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందు కుళాయి ఐదు నిమిషాలు పూర్తిగా వదలాలి. అలా వదిలితే పైపుల్లో పేరుకున్న సీసం చాలావరకు కొట్టుకుపోతుంది. పొద్దున పట్టిన సీసాలో అంకె తక్కువ వస్తుంది, రిజిస్టర్‌లో "పరిమితి లోపు" అని పడుతుంది. రోజూ అలా కుళాయి వదలని ఇంట్లో పిల్లలు మాత్రం సీసం కలిసిన నీళ్లే తాగుతుంటారు. అతను అడిగింది ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని. ఎవరి మీదా అవినీతి ఆరోపణ చెయ్యలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు.

ఆ మాట లోపల చెప్పినంత కాలం దానికి విలువ లేకపోయింది. బయట చెప్పగానే నేరమైంది. ఈ రెండింటి మధ్య సంఘం ఎక్కడ నిలబడాలన్నదే నా ప్రశ్న. పై అధికారికి ఎదురుగా, పదిమందికీ వినబడేలా మాట్లాడే హక్కు లేనప్పుడు జనం మీద ఏం పడుతుందో వరసగా రాస్తున్నాను. ఇవన్నీ జరిగినవే.

1. జనం విషం తాగుతూనే ఉంటారు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ పట్టణానికి 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికని నీటి వనరు మార్చి, ఫ్లింట్ నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. నీళ్లు రంగు మారాయి, వాసన వచ్చాయి, పిల్లల ఒంటిమీద దద్దుర్లు లేచాయి. జనం ఆ నీళ్లు సీసాల్లో పట్టి అధికారుల ముందు పెట్టారు. నీళ్లు బాగున్నాయని జవాబు వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ ఫ్యాక్టరీ, ఈ నీళ్లకు తమ ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని చెప్పి వేరే నీళ్లకు మారిపోయింది. మనుషులు ఆ తర్వాత కూడా ఏడాది పాటు అవే నీళ్లు తాగారు.

ఇక్కడ మన వృత్తివాళ్లు గమనించాల్సింది ఉంది. అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థలో పనిచేసే మిగెల్ డెల్ టోరల్ అనే ఉద్యోగి 2015 జూన్‌లో లోపల ఒక నోట్ రాశాడు. తుప్పు నివారణ మందు కలపడం లేదని, నమూనా పట్టే ముందు కుళాయి వదిలించడం వల్ల సీసం అంకె తక్కువ కనబడుతోందని అందులో స్పష్టంగా ఉంది. మా సహోద్యోగి చెప్పిందీ అదే. ఆ నోట్ బయటికి పొక్కితే పై అధికారులు అది కేవలం చిత్తుప్రతి అని తేలిక చేశారు. ఆ సెప్టెంబర్‌లో పిల్లల డాక్టర్ మోనా హన్నా అటీషా ఆసుపత్రి రికార్డుల్లోని పిల్లల రక్త పరీక్షలు తీసి చూశారు. నీళ్లు మారిన తర్వాత రక్తంలో సీసం ఎక్కువున్న పిల్లల శాతం పెరిగింది. జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఆగకుండా సెప్టెంబర్ 24న విలేకరుల సమావేశం పెట్టి చెప్పేశారు. అంకెలు అటూ ఇటూ చేసి జనాన్ని బెదరగొడుతోందని రాష్ట్ర అధికారులు ఆమె మీద విరుచుకుపడ్డారు. కొద్ది రోజులకే ఆమె లెక్క సరైనదని వాళ్లే ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్టోబర్ 16న పాత నీళ్లు తిరిగి వచ్చాయి.

ఏడాదిన్నరపాటు ఫైళ్లలో కదలని విషయం, ఒక డాక్టరు బయటికొచ్చి మాట్లాడాక మూడు వారాల్లో కదిలింది. మీ సర్క్యులర్ అక్కడ అమల్లో ఉండుంటే ఆమె సభ్యత్వం పోయేది, పిల్లలు ఆ నీళ్లే తాగుతుండేవాళ్లు. సీసం పిల్లల మెదడుకు చేసే నష్టం మళ్లీ పూడేది కాదు. డాక్టర్లకు, కెమిస్టులకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2. తెలిసినవాళ్ల మాట గది దాటకపోతే ప్రాణాలు పోతాయి.

1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు నాసాతో ఫోన్‌లో మాట్లాడారు. చలికి రబ్బరు సీలు రింగులు బిగుసుకుపోతాయని, దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిమిలో ప్రయోగించొద్దని చెప్పారు. మర్నాడు పొద్దున అక్కడ 2 డిగ్రీలు. ఇంజనీర్ రోజర్ బోజొలీ అంతకు ఆరు నెలల ముందే, 1985 జులైలో, ఈ సీళ్ల వల్ల ప్రాణనష్టం జరుగుతుందని కంపెనీ లోపల లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. ఆ రాత్రి మేనేజర్లు పక్కకెళ్లి మాట్లాడుకుని, తమ ఇంజనీర్ల మాట కాదని, ప్రయోగించవచ్చని చెప్పారు. ఇంజనీరింగ్ విభాగం పెద్దతో ఒక మేనేజరు అన్న మాట విచారణలో బయటపడింది: ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకో అని. నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైంది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. వాళ్లలో ఒక స్కూలు టీచర్ ఉంది కాబట్టి ఎన్నో స్కూళ్లలో పిల్లలు టీవీలో చూస్తూనే ఉన్నారు.

ఆ ఇంజనీర్లు లోపల చెప్పాల్సిందంతా చెప్పారు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. అయినా గది బయట ఒక్కరికీ తెలియలేదు. ప్రమాదం తర్వాత బోజొలీ, అదే కంపెనీలో పనిచేసే మరో ఇంజనీర్ అలన్ మెక్‌డొనాల్డ్ విచారణ సంఘం ముందు నిజం చెప్పారు. కంపెనీ వాళ్లను పక్కనపెట్టింది. మెక్‌డొనాల్డ్ స్థానం తిరిగి దక్కింది అమెరికా కాంగ్రెస్ సభ్యులు బహిరంగంగా పట్టుబట్టాకే.

3. ప్రతి బాధితుడూ తానొక్కడే అనుకుంటాడు.

బ్రిటన్‌లో 1999 నుంచి 2015 దాకా పోస్టాఫీసులు నడిపే 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కల కేసుల్లో శిక్షలు పడ్డాయి. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ లెక్క తప్పు చూపించింది. లెక్క తేలని సొమ్ము వీళ్లు సొంత డబ్బుతో కట్టారు, ఇళ్లు అమ్ముకున్నారు, జైలుకెళ్లారు. ఊళ్లో తలెత్తుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి వచ్చిన జవాబు: ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోంది, ఇంకెవరికీ లేదు.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలచివేసిన సంగతి. ఎవరికి వారు లోపల ఫిర్యాదు చేసుకున్నంత కాలం, పై వాళ్లు ఒక్కొక్కరితో విడివిడిగా ఇదే మాట చెప్పగలిగారు. 2009లో ఒక కంప్యూటర్ పత్రిక ఏడుగురి కథలు అచ్చువేసింది. అది చదివి మిగతావాళ్లు ఒకరినొకరు వెతుక్కున్నారు. వాళ్లలో ఒకడైన అలన్ బేట్స్ ముందుండి వాళ్లను కూడగట్టాడు. 2019లో హైకోర్టు ఆ కంప్యూటర్ వ్యవస్థలో లోపాలున్నాయని తేల్చింది. 2024లో శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ కంప్యూటర్ లోపం గురించి లోపలి సాంకేతిక నిపుణులకు ముందే తెలుసు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పైకి మాట్లాడి ఉంటే, వాళ్ల వృత్తి సంఘం వెనక నిలబడి ఉంటే, ఎన్ని కుటుంబాలు నిలబడేవో ఆలోచించండి.

4. పోయిన రోజులు తిరిగిరావు.

చైనాలోని వూహాన్‌లో కంటి డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న తోటి డాక్టర్ల గ్రూపులో, సార్స్ లాంటి జబ్బుతో రోగులు వస్తున్నారు, జాగ్రత్త అని మెసేజ్ పెట్టారు. 2020 జనవరి 3న పోలీసులు పిలిచి, పుకార్లు పుట్టించావంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఇకపై ఇలాంటివి మానుకోగలవా అన్న ప్రశ్న కింద "మానుకోగలను" అని, అర్థమైందా అన్నదాని కింద "అర్థమైంది" అని ఆయన చేత్తో రాయించి వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ కాగితాన్ని ఆయన తర్వాత బయటపెట్టారు, అందరూ చూశారు. జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుతుందని ప్రభుత్వ నిపుణులు బహిరంగంగా చెప్పింది జనవరి 20న. ఫిబ్రవరి 7న ఆ డాక్టర్ అదే జబ్బుతో, కోవిడ్‌తో, పోయారు. వయసు 33. మార్చిలో పోలీసులు ఆ హెచ్చరికను వెనక్కి తీసుకుని ఆయన కుటుంబానికి క్షమాపణ చెప్పారు.

5. అధికారంలో ఉన్నవాళ్లు కూడా గుడ్డివాళ్లవుతారు.

1959 జులైలో చైనా రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్, ఊళ్లలో తాను చూసిన పరిస్థితి గురించి మావోకు లేఖ రాశాడు. వేదికెక్కి తిట్టలేదు, మర్యాదగానే రాశాడు. పదవి పోయింది. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం కింద ఎవరికీ మిగల్లేదు. కింది అధికారులు దొంగ దిగుబడి లెక్కలు పంపారు, ఆ లెక్కల ప్రకారం ధాన్యం లాక్కెళ్లారు. దాంతో ఊళ్లలో కరువు ముదిరింది, 1961 దాకా సాగిన ఆ కరువులో కోట్లమంది చనిపోయారు. స్వేచ్ఛగా రాసే పత్రికలు, ఎన్నికలు ఉన్న దేశాల్లో పెద్ద కరువులు రాలేదని అమర్త్యసేన్ చెప్పింది ఇందుకే. ఆకలి కబురు పైకి చేరితే ప్రభుత్వం ఊరుకోలేదు.

ఇప్పుడు మీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు. కొన్ని న్యాయమైనవే, వాటికి జవాబు చెప్పాలి.

"బయట చెప్పే ప్రతిదీ నిజం కాదు కదా" అంటారు. నిజమే. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ పన్నెండు మంది పిల్లల మీద రాసిన పేపర్ పట్టుకుని, విలేకరుల సమావేశంలో ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) వల్ల ఆటిజం వస్తుందేమోనన్న అనుమానాలు లేపాడు. జనం భయపడి పిల్లలకు టీకాలు వేయించడం తగ్గించారు, తట్టు మళ్లీ తలెత్తింది. కానీ ఆ అబద్ధం ఎలా బయటపడింది? బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు ఏళ్ల తరబడి తవ్వి 2004 నుంచి బహిరంగంగా రాయడం వల్ల. 2010లో పేపర్ వెనక్కి తీసుకున్నారు, ఆ డాక్టర్ పేరు రిజిస్టర్ నుంచి తొలగించారు. తప్పుడు మాటను సరిదిద్దింది కూడా బహిరంగ విమర్శే. ఆధారాలు అడగండి, పరీక్షించండి, తప్పని తేలితే తప్పని గట్టిగా చెప్పండి. అది సంఘం చేయాల్సిన పని. అందరి నోళ్లూ ముందే కట్టేస్తే నిజం చెప్పేవాడు, అబద్ధం చెప్పేవాడు ఇద్దరూ ఒకటే అవుతారు.

"రహస్యంగా రాస్తే రాసినవాడికే క్షేమం" అని ఇంకొందరు నాతో అన్నారు. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీర్ సత్యేంద్ర దూబే అలాగే రాశాడు. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ పంపి, తన పేరు దాచమని అడిగాడు. ఆ లేఖ పేరుతో సహా బల్లలు మారుతూ పోయింది. 2003 నవంబర్ 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దోపిడీ కోసం జరిగిన హత్య అని సీబీఐ చెప్పింది, చాలామంది నమ్మలేదు. ఆ వివాదం అటుంచండి. దాచమన్న పేరు దాచలేదన్నది మాత్రం నిజం. ఫిర్యాదు రహస్యంగా ఉన్నంత కాలం అది ఎవరికి తెలుసో ఫిర్యాదుదారుకే తెలియదు. నలుగురికీ తెలిసిన మనిషి మీద చెయ్యి వెయ్యడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

"బయట చెప్పినా వినలేదు కదా" అని అడిగేవాళ్లకు భోపాల్ గుర్తుంటుంది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ వల్ల ఊరికి ముప్పుందని రాజ్‌కుమార్ కేస్వానీ 1982లోనే తన చిన్న వారపత్రికలో వరసగా రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1984 డిసెంబర్ 2 రాత్రి గ్యాస్ లీకై వేలమంది చనిపోయారు. అదే 1982లో అమెరికా నుంచి వచ్చిన కంపెనీ సొంత తనిఖీ బృందం కూడా ఆ ఫ్యాక్టరీలో ప్రమాదకరమైన లోపాలున్నాయని నివేదిక రాసింది. అది కంపెనీ లోపలే ఉండిపోయింది. ఒకవైపు ఒంటరిగా అరుస్తున్న జర్నలిస్టు, ఇంకోవైపు ఆయన మాట నిజమని తెలిసీ నోరు విప్పని నిపుణులు. ఆ నిపుణుల్లో ఒక్కరు ఆయన పక్కన నిలబడినా ఆ రాతలను కొట్టిపారేయడం అంత తేలికయ్యేది కాదు. భోపాల్ చెప్తున్నది బహిరంగంగా మాట్లాడటం వృథా అని కాదు, మాట్లాడినవాణ్ణి ఒంటరిగా వదిలెయ్యొద్దని.

వృత్తి గౌరవం గురించి ఒక్క మాట. ఇంజనీర్ల నియమావళులు చాలావాటిలో మొదటి సూత్రం ప్రజల భద్రత, ఆరోగ్యం. యజమాని మీద విధేయత దాని తర్వాతే వస్తుంది. బోజొలీకి 1988లో అమెరికా సైన్స్ అభివృద్ధి సంఘం అవార్డు ఇచ్చింది శాస్త్ర స్వేచ్ఛకు, బాధ్యతకు. ఆ వృత్తికి గౌరవం తెచ్చింది ఆయనే.

కాబట్టి అడుగుతున్నవి ఇవి:

1. ఆ సర్క్యులర్‌ను వెంటనే వెనక్కి తీసుకోండి. "వృత్తి గౌరవానికి భంగం" అన్న నియమం కింద, ప్రజల ఆరోగ్యానికి, ప్రాణాలకు సంబంధించిన విషయాన్ని ఆధారాలతో బయటపెట్టిన సభ్యుడి మీద చర్య ఉండదని నియమావళిలో రాతపూర్వకంగా చేర్చండి.

2. సభ్యుడు భద్రతకు సంబంధించిన ఆరోపణ చేసినప్పుడు, ఆ సంస్థతో సంబంధం లేని ముగ్గురు నిపుణులతో 30 రోజుల్లో పరిశీలన జరిపించండి. నివేదికను అందరికీ అందుబాటులో పెట్టండి, మా సహోద్యోగి చెప్పింది తప్పని తేలినా సరే. మొదటి పరిశీలన ఆ నమూనాల కాగితంతోనే మొదలుపెట్టండి. ఒక పది ఇళ్లలో కుళాయి వదిలి ఒకసారి, వదలకుండా ఒకసారి నమూనాలు పట్టి పక్కపక్కన పెడితే తేలిపోతుంది.

3. బదిలీలు, సస్పెన్షన్లు, కేసులు ఎదుర్కొనే సభ్యుల కోసం న్యాయ సహాయ నిధి పెట్టండి. జీతం ఆగిన మనిషి లాయర్ ఫీజు కట్టలేక రాజీపడటం ఎన్నోసార్లు చూశాం.

4. చట్టం కోసం సంఘాలన్నీ కలిసి అడగండి. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన నిబంధన ప్రకారం, లోపలా, సంబంధిత అధికారుల దగ్గరా ఫిర్యాదు చేసినా మామూలుగా మూడు నెలల్లో తగిన చర్య లేకపోతే, లేదా ప్రజలకు ముప్పు ముంచుకొస్తుంటే, నేరుగా బయట చెప్పినవాళ్లకు కూడా రక్షణ ఉంది. భారతదేశంలో 2014లో పార్లమెంటు ఆమోదించి రాష్ట్రపతి సంతకం కూడా అయిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టానికి అమలు తేదీ ప్రకటించకుండానే ఏళ్లకు ఏళ్లు గడిపేశారు. దాన్ని అమలు చెయ్యమని, బహిరంగంగా చెప్పినవాళ్లకూ అందులో రక్షణ చేర్చమని ఇన్ని లక్షలమంది సభ్యులున్న సంఘాలు ఒక్క గొంతుతో అడిగితే ఏ ప్రభుత్వమూ పెడచెవిన పెట్టలేదు.

5. ఈ విషయాన్ని వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో పెట్టండి. ఓటింగ్ చేతులెత్తే పద్ధతిలో జరగాలి, ఎవరు ఎటు ఓటేశారో మినిట్స్‌లో పేర్లతో నమోదు కావాలి.

వీటిలో కొన్నింటికి సమయం పడుతుందని తెలుసు. ఒక్కదానికి మాత్రం సమయం లేదు. మా సహోద్యోగి షోకాజ్ నోటీసుకు జవాబిచ్చే గడువు దగ్గరపడింది. సమావేశం దాకా ఆగకుండా ఈ వారమే సంఘం తరఫున ఒక లాయర్‌ని అతనికి కేటాయించండి. అతని మొదటి లేఖ నుంచి నోటీసు దాకా కాగితాలన్నీ వరసగా ఫైలు చేసి మా దగ్గర ఉన్నాయి. ఎవరిని పంపినా అదే రోజు చేతికిస్తాం.

ఇట్లు,
వినతిపత్రం మీద సంతకం చేసిన సభ్యుల్లో ఒకడిని